ముడి రీడింగును చెరపకు

సిరవార,
రాయచూరు జిల్లా

చిరంజీవి మాధవికి,

మట్టి పరీక్షల ల్యాబులో విద్యుత్ వాహకతను కొలిచే ఈసీ మీటరును కంప్యూటరుకు కలిపి, రీడింగులు వాటంతటవే నమోదయ్యే ఏర్పాటు నువ్వే తయారు చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. తెర మీద గ్రాఫు అందం తర్వాత చూసుకోవచ్చమ్మా. సెన్సారు ఇచ్చిన అంకె ఇచ్చినట్టుగా, వేళతో, ఆనాటి సెట్టింగులతో సహా ఫైల్లో నిలవాలి. మట్టి కలిపిన నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే విద్యుత్ వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది గనుక, దాన్ని 25 డిగ్రీలకు సరిచేసి రాస్తారు. ఆ సరిచేసిన అంకె ఒక్కటే దాచి, వాడిన గుణకం తప్పని రెండేళ్లకు తేలితే, నాటి వేడి ఎంతో తెలియక పాత ఫలితాలన్నీ పనికిరాకుండా పోతాయి. తుంగభద్ర ఎడమ కాలువ కింద చౌడు తేలిన పొలం ఉన్న రైతు ఏ పైరు వేయాలో, మురుగు పోయే దారి తీయాలో లేదో ఆ అంకెను చూసే తేల్చుకుంటాడు.

సెన్సారు తప్పుడు అంకెలూ ఇస్తుంది కదా, అవన్నీ ఎందుకంటావేమో. 1985 మేలో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు, నేల మీది డాబ్సన్ పరికరాల కొలతలతో, అంటార్కిటికా మీద ఓజోన్ బాగా తగ్గిపోతోందని ప్రకటించారు. నాసా వారి నింబస్-7 ఉపగ్రహం 1978 నుంచీ అదే ఆకాశాన్ని కొలుస్తూనే ఉంది. కానీ 180 డాబ్సన్ యూనిట్ల కంటే తక్కువ వచ్చిన అంకెలకు సాఫ్ట్‌వేరు అనుమానపు గుర్తు పెట్టి పక్కన ఉంచింది. చెరపలేదు కాబట్టే మళ్లీ లెక్కగట్టి 1986లో ఆ తగ్గుదలను రూఢి చేయగలిగారు. ప్రోగ్రాము రాసేవాళ్ల ఊహకు అందని నిజం కూడా మొదట తప్పుడు రీడింగులాగే కనబడుతుంది. నువ్వూ గుర్తు పెట్టు, చెరపకు.

చోటు చాలదన్న మాట ఒకప్పుడు న్యాయమే. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు తయారైన రోజుల్లో మెమరీ చాలా ఖరీదు. ఇప్పుడు సెకనుకో రీడింగు చొప్పున, వరుసకు 30 బైట్లు పట్టినా, ఏడాదికి ఒక జీబీ నిండదు. కంపెనీ సాఫ్ట్‌వేరు ఉండగా మనదెందుకనేవాళ్లూ ఉంటారు. అది ముడి అంకెలను మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇచ్చేటట్టయితే నిశ్చింతగా దాన్నే వాడుకో. తన ప్రోగ్రాములో తప్ప తెరుచుకోని ఫైలు ఇస్తే మాత్రం, లైసెన్సు ముగిసిన రోజున మన కొలతలు మనకే అందవు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ప్రతి వరుసనూ అప్పటికప్పుడే డిస్కులోకి రాయించు. సరిచేసిన విలువకు వేరే కాలమ్ పెట్టు, ముడి రీడింగు కాలమ్‌ను మాత్రం ఎవరినీ తాకనివ్వకు.

ఇట్లు,
నీ పెదనాన్న