స్నానాల గదిలో పొదుపు: ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు?



ఎండాకాలం వచ్చి బోరులో నీరు తగ్గగానే ప్రతి ఇంట్లో వినిపించే మాట "నీళ్ళు చూసి వాడండి". కరెంటు బిల్లు చేతికి రాగానే వినిపించే మాట "గీజర్ కట్టెయ్యండి". రెండూ మంచి మాటలే. అయితే పొదుపు అనగానే మనం ముందుగా దేనిని తగ్గిస్తున్నామో ఒకసారి గమనించాలి. కొన్ని ఇళ్ళలో సబ్బుతో చేతులు కడుక్కోవడం తగ్గిపోతుంది. పెద్దవారు రాత్రిపూట లైటు వేయకుండానే బాత్‌రూంకు వెళతారు. ఆడవారు మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని తాగే నీళ్ళే తగ్గించుకుంటారు. అదే ఇంట్లో కుళాయి మాత్రం రాత్రీ పగలూ చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది.

కాబట్టి ఈ పాఠంలో ఒక్క విషయం నేర్చుకుందాం. వృథాను తగ్గించాలి గాని, ఆరోగ్యాన్ని కాపాడే నీటిని, వెలుగును తగ్గించకూడదు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే డబ్బూ మిగులుతుంది, జబ్బూ రాదు.

1. నీరు ఎక్కడ పోతోంది?

పట్టణాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. అందులో 45 లీటర్లు మరుగుదొడ్డి ఫ్లష్ కోసమే. అంటే మూడో వంతు. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి 2019లో మొదలైన జల జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్క వేసింది. ఈ రెండు అంకెలు చూస్తే, పట్నంలో ఫ్లష్ చేసే నీటితోనే పల్లెలో ఒక మనిషి రోజు దాదాపు గడిచిపోతుందని అర్థమవుతుంది.

ఫ్లష్ ట్యాంకు: పాత ట్యాంకులు ఒక్కసారి లాగితే 10 లీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ వదులుతాయి. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 సార్లు ఫ్లష్ చేస్తే 200 లీటర్లు. ఇప్పుడు వచ్చే రెండు బటన్ల ట్యాంకుల్లో చిన్న బటన్‌కు 3 లీటర్లు, పెద్ద బటన్‌కు 6 లీటర్లు పోతాయి. అవే 20 సార్లలో 16 సార్లు చిన్నది, 4 సార్లు పెద్దది నొక్కితే 72 లీటర్లతో సరిపోతుంది. పాత ట్యాంకు మార్చలేనివారు ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు నింపి, మూత బిగించి, ట్యాంకులో ఒక మూల నిలబెట్టండి. ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఇటుక వేయవద్దు, అది నాని పొడిరాలి ట్యాంకును పాడుచేస్తుంది. చిన్న ట్యాంకుల్లో ఈ సీసా పెట్టవద్దు. నీరు చాలక రెండుసార్లు ఫ్లష్ చేయవలసి వస్తే లాభం ఉండదు.

ఫ్లష్ లీకు: ఇది కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. పరీక్ష సులువే. బట్టలకు పెట్టే నీలిమందు కొన్ని చుక్కలు ట్యాంకు నీటిలో వేయండి. అరగంట సేపు ఎవరినీ ఫ్లష్ చేయనివ్వకండి. బేసిన్‌లో నీలం రంగు కనబడితే ట్యాంకు లోపలి వాల్వు కారుతున్నట్టే. ప్లంబర్‌ను పిలిచి మార్పించండి.

కారే కుళాయి: చుక్కల కింద ఒక లీటరు మగ్గు పెట్టండి. గంటకు నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు పోతున్నట్టు. చాలాసార్లు లోపల అరిగిన వాషర్ మార్చితే చాలు.

పళ్ళు తోముకునేటప్పుడు: కుళాయి తిప్పి ఉంచితే నిమిషానికి 6 లీటర్ల చొప్పున మూడు నిమిషాల్లో 18 లీటర్లు పోతాయి. మగ్గుతో పుక్కిలిస్తే ఒక లీటరు చాలు. గడ్డం గీసుకునేటప్పుడూ ఇదే లెక్క.

పల్లెలోని మరుగుదొడ్లు: ఏటవాలు ఎక్కువగా ఉండే పల్లెటూరి పాన్ ఉన్నవారికి ఒక మంచి మాట. 1970లో బిందేశ్వర్ పాఠక్ గారు ప్రారంభించిన సులభ్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన రెండు గుంతల మరుగుదొడ్డిలో ఒకటిన్నర నుండి రెండు లీటర్ల నీరు పోస్తే చాలు. అక్కడ బకెట్లు కుమ్మరించనక్కరలేదు. గుంతలోకి నీరు తక్కువగా వెళితే అది త్వరగా ఇంకుతుంది కూడా.

2. నీటిలోనే కరెంటు కూడా ఉంది

నీరు పొదుపు చేస్తే కరెంటు కూడా మిగులుతుంది. హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు 2004 నుండి, గోదావరి నీళ్ళు 2015 నుండి వస్తున్నాయి. 100 కిలోమీటర్లకు పైగా దూరం నుండి మోటార్లు పెట్టి ఎత్తి పోస్తేనే అవి మన కుళాయికి చేరతాయి. సొంత బోరు ఉన్నవారికీ ఇదే సంగతి. 300 అడుగుల లోతు నుండి 1000 లీటర్లు పైకి తేవాలంటే మామూలు మోటారు అర యూనిట్ పైనే తాగుతుంది.

అయితే అసలు ఖర్చు నీటిని వేడి చేయడంలో ఉంది. 20 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీల నుండి స్నానానికి సరిపడే 40 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.35 యూనిట్ కావాలి. అదే వేడినీటి షవర్ కింద నిమిషానికి 10 లీటర్ల చొప్పున పది నిమిషాలు నిలబడితే 100 లీటర్లు పోతాయి. కరెంటు సుమారు 1.75 యూనిట్లు అవుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు లెక్క కడితే బకెట్ స్నానానికి 42 యూనిట్లు, షవర్ స్నానానికి 210 యూనిట్లు. యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు కూడా పెరుగుతుందని మీకు తెలుసు. మన అమ్మమ్మల కాలం నాటి బకెట్, చెంబు ఇప్పటికీ మంచి పొదుపు సాధనాలే.

గీజర్ విషయంలో ఈ అలవాట్లు చేసుకోండి.
- 2000 వాట్ల గీజర్ అంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 200కు పైగా ఒకేసారి వెలిగినట్టు. 15 లీటర్ల గీజర్ వేడెక్కడానికి దాదాపు 20 నిమిషాలు చాలు. అందరూ ఒకరి వెనుక ఒకరు స్నానం చేసి, స్విచ్ కట్టేయండి.
- రోజంతా వేసి ఉంచితే నీరు చల్లారిన ప్రతిసారీ మళ్ళీ వేడి చేస్తూ కరెంటు తాగుతుంది.
- బోరు నీటిలో సున్నం ఎక్కువగా ఉంటే గీజర్ లోపలి రాడ్ మీద తెల్లని పొర కడుతుంది. అప్పుడు నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది. ఏడాదికి ఒకసారి మెకానిక్‌తో శుభ్రం చేయించండి.
- కొత్తది కొనేటప్పుడు స్టార్ గుర్తు చూడండి. స్టార్లు ఎక్కువైతే ట్యాంకులోని వేడి తక్కువగా వృథా అవుతుంది.
- మేడ మీద ఎండ పడే చోటు ఉంటే సోలార్ హీటర్ ఆలోచించదగినది. 100 లీటర్ల నీటిని 25 నుండి 60 డిగ్రీలకు తేవడానికి 4 యూనిట్లు పడుతుంది. మంచి ఎండ ఉన్న రోజున ఆ పని సూర్యుడే చేస్తాడు.

3. పొదుపు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

హీటర్ రాడ్: గీజర్ కంటే చవకని చాలామంది దీనిని వాడతారు. రాడ్ నీటిలో ఉన్నప్పుడు స్విచ్ వేసి ఉండగా వేడి ఎంతైందో చేయి పెట్టి చూడకండి. ముందు స్విచ్ కట్టి, ప్లగ్ తీసి, ఆ తరువాతే నీటిని ముట్టుకోండి. ఇనుప బకెట్‌లో పెట్టవద్దు. ఎర్తింగ్ ఉన్న త్రీ పిన్ సాకెట్‌కే పెట్టండి. చిన్నపిల్లలు ఉన్న గదిలో రాడ్ పెట్టి వంటింట్లోకి వెళ్ళకండి.

గ్యాస్ గీజర్: కరెంటు మిగులుతుంది, నిజమే. కాని గాలి ఆడని బాత్‌రూంలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, తరువాత స్పృహ తప్పడం జరుగుతుంది. తలుపు గడియ వేసుకుని ఉంటారు గనుక బయటివారికి తెలియదు. అందుచేత గ్యాస్ గీజర్‌ను బాత్‌రూం బయట, గాలి బాగా ఆడే చోట పెట్టించండి. ఎవరైనా లోపల పడిపోతే వెంటనే తలుపు తెరిచి, బయటి గాలిలోకి తెచ్చి, ఆసుపత్రికి తీసుకురండి.

వేడినీటి కాలిన గాయాలు: 60 డిగ్రీల నీరు అయిదు సెకన్లలో పెద్దవారి చర్మాన్ని కూడా తీవ్రంగా కాల్చగలదు. పసిపిల్లల చర్మం ఇంకా త్వరగా కాలుతుంది. బకెట్‌లో ఎప్పుడూ ముందు చన్నీళ్ళు పోసి, ఆ తరువాత వేడినీళ్ళు కలపండి. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, వేడి తెలియదు. నీరు కాలుతున్నా హాయిగానే ఉందనుకుంటారు. బొబ్బ కనబడినప్పుడే విషయం తెలుస్తుంది. అలాంటి గాయం మానకపోతే కాలికే ప్రమాదం. గనుక వారు పాదంతో వేడి చూడకూడదు. ఇంట్లో మరొకరు మోచేతితో చూసి చెప్పాలి.

ఒకవేళ కాలితే ఆ భాగం మీద 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు పారనివ్వండి. ఇక్కడ మాత్రం నీటి పొదుపు చూడవద్దు. టూత్‌పేస్టు, సిరా, ఐసు పెట్టవద్దు.

4. నిలవ నీరు, వాడిన నీరు

కుళాయి రాని రోజు కోసం డ్రమ్ములు, తొట్లు నింపుకుంటాం. డెంగీని మోసే దోమ మురికి కాలువలో కాదు, ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికి ఒక రోజు, శుక్రవారం గానీ మీకు వీలైన మరో రోజు గానీ, తొట్టిని ఖాళీ చేసి, గోడలను పీచుతో రుద్ది, ఆరబెట్టాలి. నీళ్ళు పారబోస్తే సరిపోదు. గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బ్రతికి, నీరు తగలగానే పిల్లలవుతాయి. తీసిన నీటిని పారబోయక నేల కడగడానికి వాడండి. మిగతా రోజుల్లో మూత వేసి ఉంచండి.

స్నానం చేసిన నీటిని అరటి, కొబ్బరి మొక్కలకు మళ్ళించవచ్చు. బట్టలు జాడించిన చివరి నీటిని మరుగుదొడ్డిలో పోయవచ్చు. అయితే వాడిన నీటిని ఒక రోజుకు మించి నిలవ ఉంచవద్దు. పచ్చిగా తినే కూరలకు పోయవద్దు. విరేచనాలతో ఉన్నవారి బట్టలు ఉతికిన నీటిని మరి దేనికీ వాడవద్దు, మరుగుదొడ్డిలోనే పోయండి.

5. వీటిని తగ్గించవద్దు

చేతులు కడుక్కోవడం: మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చాక, పసివారిని కడిగాక, వంటకు ముందు, భోజనానికి ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. రుద్దేటప్పుడు కుళాయి కట్టేయండి, పొదుపు అక్కడ ఉంది. నీరు లేదని కడగడం మానేస్తే విరేచనాలు వస్తాయి. అప్పుడు ఒక్క రోగి బట్టలు, పక్క ఉతకడానికే బకెట్లకు బకెట్లు కావాలి.

తాగే నీరు: నీరు తక్కువ తాగేవారికి మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, కిడ్నీలో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది. అమ్మలూ, అక్కలూ, పొదుపు మీ గొంతు దగ్గర మొదలుపెట్టకండి.

రాత్రి దీపం: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రి 10 గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్లు కూడా కాదు. చీకట్లో తడి నేల మీద జారి తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు, పడే బాధ దీనితో పోల్చలేము. పెద్దవారున్న ఇంట్లో బాత్‌రూం దారిలో చిన్న దీపం ఉంచండి.

ఈ వారం మీ ఇంట్లో చేయండి

- సోమవారం: ప్రతి కుళాయి కింద గంటసేపు మగ్గు పెట్టి చూడండి.
- మంగళవారం: ఫ్లష్ ట్యాంకుకు నీలిమందు పరీక్ష చేయండి.
- బుధవారం: గీజర్ వేసే, కట్టే సమయం ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించుకోండి.
- గురువారం: రాడ్, ప్లగ్, వైరు చూడండి. కాలిన గుర్తులు ఉంటే పారేయండి.
- శుక్రవారం: తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి రుద్దండి.
- శనివారం: కరెంటు మీటరు అంకె కాగితం మీద రాసుకోండి. నెల తరువాత మళ్ళీ చూడండి.

కుటుంబంతో కలిసి మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో కనబడకుండా పోతున్న నీరు ఏది?
2. పొదుపు పేరుతో మనం మానేసిన మంచి అలవాటు ఏదైనా ఉందా?
3. మన ఇంట్లో మధుమేహం ఉన్నవారికి స్నానపు నీళ్ళు ఎవరు చూసి ఇస్తున్నారు?

మూడవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు చెప్పలేకపోతే, ఈ రోజే ఆ పని ఎవరిదో నిర్ణయించుకోండి.