ఎనిమిదో గ్రేడ్ అయిపోతే కొలువు రాదు

విశాఖ ఉక్కునగరం నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే: "మావాడు కీబోర్డు బాగా వాయిస్తాడండీ. ఎనిమిదో గ్రేడ్ దాకా లాగించేస్తే ఇక ఢోకా లేనట్టే కదా?" ట్రినిటీ సంగీత పరీక్షల్లో ఎనిమిదో గ్రేడ్ మంచి చదువే, కానీ దాన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో సర్టిఫికెట్ పక్కన పెట్టి, వాయించమంటారు. పైగా కీబోర్డు వాయించేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. రెండేళ్లలో ఎనిమిది గ్రేడులు పూర్తి చేయిస్తామని ప్యాకేజీ అమ్మే ఇన్‌స్టిట్యూట్‌కు దండం పెట్టి వచ్చేయండి. అక్కడ పరీక్షలో వచ్చే మూడు పాటలు బట్టీ పట్టిస్తారు, అంతే. నాలుగో పాట నోట్స్ ముందు పెడితే ఆ పిల్లవాడు బిత్తరపోతాడు.

నేనైతే ఊదే వాద్యాల వైపు చూడమంటాను. వాటిలో బసూన్ సంగతే తీసుకోండి. మేపుల్ కర్రతో చేసిన ఈ వాద్యంలో గొట్టం మడతపడి ఉంటుంది. చాపితే దాదాపు రెండున్నర మీటర్లు. మిగతా వేళ్ల పని అలా ఉండగా, మీటల గుంపునొకదాన్ని ఎడమ బొటనవేలొక్కటే చూసుకోవాలి. ఊదేది జంట రీడ్‌లోంచి, మన నాదస్వరానికి ఉన్నట్టే. ఆ రీడ్‌ను చాలామంది కళాకారులు సొంతంగా తయారు చేసుకుంటారు. రెల్లుముక్కను నానబెట్టి, మడిచి, తీగ చుట్టి, కత్తితో గీరుతూ మధ్యమధ్య నోట పెట్టుకుని ఊది చూస్తారు. వెంట్రుకవాసి ఎక్కువ గీరితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇలాంటి కళాకారుడు ఆర్కెస్ట్రాలో ఒక్క కుర్చీని నమ్ముకుని బతకడు. మొజార్ట్ 1774లో రాసిన బసూన్ కాన్సర్టో ఎంత తేటగా పలకాలో, 1913లో పారిస్‌లో మొదటిసారి వినిపించిన స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' ఆరంభంలోని పైస్థాయి సోలో కూడా అంత ధైర్యంగా పలకాలి. పెద్ద వాద్యమైన కాంట్రాబసూన్ కూడా చేతనైతే ఆర్కెస్ట్రాకు మరింత పనికొస్తాడు. చిన్న బృందాలు, సినిమా రికార్డింగులు, శిష్యులకు పాఠాలు కలిస్తేనే ఇల్లు గడుస్తుంది.

జంట రీడ్ మనకు కొత్తదేం కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్లి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో అదే గౌరవం దక్కింది. నాదస్వరం వైపు మనసున్న పిల్లలకు తిరుపతిలో టీటీడీ నడిపే చదువు ఉంది. దాన్ని చిన్నచూపు చూసే తల్లిదండ్రులంటే నాకు ఓపిక ఉండదు.

ఇక ఖర్చు. కొత్త బసూన్ ధర లక్షల్లో ఉంటుంది. పేరున్న జర్మన్ కంపెనీది కావాలంటే ఇల్లు కొన్నంత పని. మీట వంగితే బాగుచేసేవాడు దగ్గర్లో దొరకడం కష్టం. పీఎఫ్ డబ్బు తీసి పిల్లవాడికి బసూన్ కొనిపెట్టకండి. విదేశీ డిగ్రీకి అప్పూ చేయకండి. ముందు వేలల్లో వచ్చే క్లారినెట్ చేతికివ్వండి. ఊపిరి, పెదవులు, నోట్స్ చదవడం కుదిరాక, చేతులు ఎదిగాక, బసూన్ మాట ఆలోచించవచ్చు. అప్పుడు కూడా అద్దెకో, సెకండ్ హ్యాండ్‌దో చూడండి.

మన ఊరి పిల్లలకు నేను మొదట చెప్పేది నేవీ బ్యాండు. పదో తరగతి పాసైన అవివాహితులు అగ్నివీర్ మ్యుజీషియన్‌గా దరఖాస్తు చేయొచ్చు. వయసు, ఇతర షరతులు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఎంపిక పరీక్షలో పాట పూర్తిగా పాడిస్తారు, వాద్యం శ్రుతి చేయిస్తారు, తెలియని స్వరం వినిపించి పట్టుకోమంటారు. బట్టీ అక్కడ పనికిరాదు. అయితే ఇది నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత కొనసాగించేది నూటికి పాతికమందిని మించకుండానే. కాబట్టి ఆ నాలుగేళ్లలో రెండో వాద్యం నేర్చుకోవాలి, డిగ్రీ కట్టాలి. పర్మనెంటు సర్కారీ ఉద్యోగమని ఎవరైనా చెబితే నమ్మకండి.

ముంబయి ఎన్‌సీపీఏ కళాకేంద్రంలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలో విదేశాల నుంచి వచ్చి వాయించేవాళ్లు చాలామంది. అక్కడ మనవాళ్లకు చోటుంది. కానీ అది కుర్రవాడు ఏళ్ల తరబడి రోజూ సాధన చేస్తే అందే చోటు.

ఆ రోజూ సాధనే మన ఇళ్లలో కుదరడం లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఆదివారం ఒక్కపూట సంగీతం. పెదవి కండరాలు వారానికోసారి వాయిస్తే బలపడవు. రోజూ అరగంట కావాలి. 2021లో ఉక్కు ప్లాంటు అమ్మకం మాట వచ్చినప్పటి నుంచి ఇళ్లలో ఉన్న దిగులు నాకు తెలుసు. ఆ దిగులుకు వడ్డీ పిల్లల చేత కట్టించకండి. ఫౌండేషన్ కావాలో, వాద్యం కావాలో పిల్లవాణ్ణే అడగండి. రెండూ అంటే గంటలు లెక్కేసి ఏదో ఒకటి తగ్గించండి.

నేవీ ఉత్సవాలకు ఆర్కే బీచ్‌లో బ్యాండ్ వాయించినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. ఏ వాద్యం దగ్గర వాడి చూపు ఆగిందో గమనించాకే ఏ క్లాసుకైనా ఫీజు కట్టండి.