ఆగ్నేయాసియా చదివితే ఉద్యోగం ఉందా?

ప్రజాస్వామ్యం అభివృద్ధికి అడ్డమా అని అడిగితే చాలామంది పొలిటికల్ సైన్స్ విద్యార్థులు వెంటనే సింగపూర్ పేరు చెబుతారు. 1959 నుంచి ఒకే పార్టీ పాలన, దేశం సంపన్నమైంది, కాబట్టి గట్టి ప్రభుత్వం ఉంటే చాలునంటారు. అదే ప్రాంతంలోని మయన్మార్‌ను దాని పక్కన పెట్టి చూడండి. అక్కడ 1962లో జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకుని పరిశ్రమలనూ వ్యాపారాన్నీ జాతీయం చేశారు. ఒకప్పుడు ప్రపంచానికి బియ్యం పంపిన ఆ దేశం 1987కల్లా ఐక్యరాజ్యసమితి అత్యంత వెనకబడిన దేశాల జాబితాకెక్కింది. పాలన రెండుచోట్లా గట్టిదే. ఒకరు ఓడరేవు, విదేశీ పెట్టుబడి, అవినీతిపై నిఘా, ప్రభుత్వ ఇళ్ల మీద దృష్టి పెట్టారు. మరొకరు దేశం తలుపులు మూసేశారు. ఈ తేడాను ఆధారాలతో చూపగలగడమే తులనాత్మక రాజకీయాల్లో అసలు నైపుణ్యం.

దానికి జీతం ఎవరిస్తారు? 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. అక్కడ వంటనూనె ధర మండిపోయింది, జనం వీధుల్లోకి వచ్చారు, ఎన్నికైన ప్రభుత్వం తట్టుకోలేకపోయింది. మూడు వారాలు దాటాక నిషేధం ఎత్తేసింది. ఆ నూనెను దిగుమతి చేసుకుని శుద్ధి చేసే మిల్లులు కాకినాడ, కృష్ణపట్నంలోనూ ఉన్నాయి. జకార్తా రాజకీయాల కదలికను ముందే పసిగట్టగల మనిషి అలాంటి వ్యాపారానికి ఎంత అవసరమో వేరే చెప్పాలా? బ్యాంకులు, కన్సల్టెన్సీలు, ఎగుమతి సంస్థలు రిస్క్ అనలిస్టులను తీసుకునేది ఇందుకే.

సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ రెండో పేపర్‌కు, యూజీసీ నెట్‌కు ఈ చదువు నేరుగా పనికొస్తుంది. పరిశోధన వైపు వెళ్లాలంటే జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల విభాగం ఉంది. ఢిల్లీలోని ఆర్ఐఎస్ అనే పరిశోధన సంస్థలో ఆసియాన్‌-ఇండియా కేంద్రం పనిచేస్తోంది. ఒక మాట దాచకుండా చెప్పాలి. పరిశోధన ఉద్యోగాలు తక్కువ, మొదట్లో చాలావరకు కాంట్రాక్టువే. అందుకే డిగ్రీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇండోనేషియా భాషకు రోమన్ లిపే కాబట్టి కొత్త అక్షరాలతో కుస్తీ పట్టనక్కర్లేదు, నేర్చుకోండి. గణాంకాలంటే భయపడే ఆర్ట్స్ విద్యార్థులు ఆ భయం ఈ ఏడాదే వదిలించుకోవాలి. ప్రపంచ బ్యాంకు డేటా, స్వీడన్ నుంచి వచ్చే వీ-డెమ్ ప్రజాస్వామ్య సూచికలు ఉచితంగానే దొరుకుతాయి.

ఈ నైపుణ్యాన్ని చూపే మొదటి వ్యాసానికి 1986ను తీసుకోండి. ఆ ఏడాది ఫిలిప్పీన్స్ ప్రజలు అధ్యక్షుడు మార్కోస్‌ను గద్దె దించారు. అదే ఏడాది వియత్నాం కమ్యూనిస్టు పార్టీ అధికారం వదలకుండానే దోయ్ మోయ్ పేరుతో మార్కెట్‌కు తలుపు తీసింది. ఒకచోట రాజకీయాలు తెరుచుకున్నాయి, మరోచోట ఆర్థిక వ్యవస్థ. తర్వాతి ముప్పై ఏళ్లలో రెండు దేశాల్లో రైతు చేతికి భూమి ఎలా వచ్చింది, పేదరికం ఎంత తగ్గింది, ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికి మిగిలింది? పది పేజీల్లో, మీరే గీసిన రెండు గ్రాఫులతో రాసి, మీ ఉద్యోగ దరఖాస్తుకు జతచేసి పంపండి.