వ్యాయామ యంత్రములు : పంచాయతీ ఏది కొనవలెను?

ఇటీవల ఒక గ్రామ పంచాయతీ సమావేశమునకు పోవుట తటస్థించినది. ఆ ఊరి యువకుడొకడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. స్వగ్రామమున వ్యాయామశాల పెట్టించుటకు కొంత పైకము పంపుదునని అతడు సర్పంచి గారికి వ్రాసెను. వార్డు సభ్యులలో ఇరువురు ట్రెడ్‌మిల్ కొనవలెననిరి. ఒకరు సైకిలు వంటి యంత్రము చాలుననిరి. ఒక మహిళా సభ్యురాలు, "మగవాళ్లంతా చూస్తుండగా మా ఆడవాళ్లు ఆ యంత్రమెక్కి పరుగెత్తుతారా?" అని అడిగిరి. సర్పంచి గారు నా వైపు తిరిగి, "మీరు చదువుకున్నవారు గదా, ఏది కొంటే ఊరివాళ్ల ఒళ్లు తగ్గుతుందో చెప్పండి" అనిరి. నాకు అప్పటికప్పుడు సమాధానము తోచలేదు. అటుపిమ్మట చదివియు, వైద్యులను అడిగియు తెలిసికొన్న సంగతులను ఇట్టి ప్రశ్నయే ఎదురగు ఇతర పంచాయతీల సభ్యుల కొరకు ఇచట వ్రాయుచున్నాను.

పొలము పని చేయువారికి వేరుగ వ్యాయామమేల యని కొందరు పెద్దలు అడుగుదురు. ఒకప్పుడు అది న్యాయమైన ప్రశ్నయే. కాని నేడు దున్నుటకు ట్రాక్టరు, కోతకు యంత్రము, పొలమునకు పోవుటకు మోటారు సైకిలు వచ్చినవి. తిండి మాత్రము నాగలి నాటి తిండియే. పైగా నూనె పెరిగినది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది యని తేలినది. భారత వైద్య పరిశోధన మండలి వారి పరిశోధన ఫలితములు 2023లో వెలువడినవి. వాటి ప్రకారము దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైగా ఉన్నారు. పట్టణములతో పోల్చిన పల్లెలలో వ్యాధి తక్కువే. అయినను పల్లెలలోని పెద్దవారిలో సుమారు నూటికి తొమ్మిది మందికి అది కలదు. పల్లెకు ఈ జబ్బు రాదను మాట ఇక చెల్లదు.

ఇక యంత్రముల సంగతి. వీటిలో మిక్కిలి పేరు గలది ట్రెడ్‌మిల్. మోటారు ఒక పట్టాను వెనుకకు త్రిప్పుచుండును; మనిషి దానిపై ఉన్నచోటనే ముందుకు నడచును. దీని పూర్వ చరిత్ర వింతయైనది. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను ఇంజనీరు ఖైదీల కొరకు మెట్లు గల పెద్ద చక్రమును కల్పించెను. ఖైదీలు గంటల తరబడి ఆ మెట్లు ఎక్కుచుండగా చక్రము తిరుగును. కొన్ని జైళ్లలో దానిచే పిండి విసరించిరి, నీరు తోడించిరి. అది క్రూరమైన శిక్ష యని 1898 నాటి చట్టముతో దానిని తొలగింపనారంభించిరి. ఆ పేరు గల యంత్రమును నేడు మనము పైకమిచ్చి ఎక్కుచున్నాము.

ట్రెడ్‌మిల్ కోరువారి పక్షమున బలమైన సాక్ష్యము ఒకటి కలదు. అమెరికాలోని మిల్వాకీ నగరమున కొందరు పరిశోధకులు ఆరు విధముల యంత్రములను పోల్చి చూచి, ఫలితములను 1996లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ప్రకటించిరి. ట్రెడ్‌మిల్, సైకిలు, చేతులు కాళ్లు రెంటితో నడుపు సైకిలు, పడవ తెడ్డు వేయుట వంటి యంత్రము, మెట్ల యంత్రము, మంచుపై జారుట వంటి యంత్రము — ఇవి ఆ ఆరు. వారు అనుసరించిన పద్ధతి గమనింపదగినది. యంత్రమును ఇంత వేగముతో నడుపుడని చెప్పక, "మీకు కొంచెము కష్టముగ తోచునంత వరకు చేయుడు" అని చెప్పి, ఆ సమయమున శరీరము ఎంత శక్తిని వ్యయము చేయుచున్నదో కొలచిరి. ఒకే పాటి కష్టము తోచినప్పుడు సైకిలు మీద కంటె ట్రెడ్‌మిల్ మీద సుమారు నూటికి 40 వంతులు అధికముగ శక్తి ఖర్చైనది. కారణము కష్టమైనది కాదు. నిలబడి నడచువాడు తన బరువును తానే మోయును. సైకిలుపై కూర్చున్నవానిని పీఠము మోయును. పని యంతయు తొడలపై పడి, అవి త్వరగ అలసిపోవును.

ఇది విని సభ్యులు వెంటనే ట్రెడ్‌మిల్ కొందమని తీర్మానింపరాదు. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులైన కొద్దిమంది యువతీయువకులు. మన వ్యాయామశాలకు ముఖ్యముగ రావలసినవారు నలువది దాటినవారు, మోకాళ్ల నొప్పులవారు, మధుమేహము గలవారు. అదియునుగాక పరిశోధనాలయమున కరెంటు పోదు. యంత్రము చెడిన మరునాడే బాగుచేయువాడు వచ్చును.

నేను వేరొక ఊరిలో ఒక ట్రెడ్‌మిల్ చూచితిని. అది పంచాయతీ కార్యాలయపు వసారాలో ఉండెను. దానిపై పాత రిజిస్టర్లు పేర్చి గుడ్డ కప్పిరి. ఏమైనదని అడుగగా, కొన్న నాలుగవ నెలలో వోల్టేజి హెచ్చుతగ్గులకు దాని కరెంటు పలక కాలిపోయినదనియు, ఇంటి వాడకమునకు చేసిన యంత్రమును పదిమంది వాడుచోట పెట్టినందున గ్యారంటీ చెల్లదని అమ్మినవారు చెప్పిరనియు తెలిసినది. కొనుటకు ముందు ఆ షరతును ఎవరును చదువలేదు. తప్పు యంత్రముది కాదు. ఇంటిలో ఒకరిద్దరు వాడునది వేరు, వ్యాయామశాలలో దినమంతయు తిరుగునది వేరు. రెండవదాని ధర అనేక రెట్లు ఉండును. పట్టాక్రింద అప్పుడప్పుడు ప్రత్యేకమైన నూనె వేయవలెను. పొలాల దుమ్ము పట్టాలోనికి పోకుండ చూడవలెను. తిరుగుచున్న పట్టాకును అడుగునకును నడుమ పిల్లల వ్రేళ్లు చిక్కి చర్మము లేచిపోయిన ప్రమాదములు లోకమున అనేకము జరిగినవి. కావున పిల్లలు రాని గది కావలెను. వాడకము కాగానే దాని భద్రతా తాళమును తీసి దాచవలెను.

స్థిరముగ ఉండు వ్యాయామపు సైకిలునకు ఇన్ని బాధలు లేవు. సాధారణమైన రకములకు మోటారు లేదు. అయస్కాంతము వలననో, పట్టీ వలననో చక్రమునకు నిరోధము కలుగును. మరను త్రిప్పి ఆ నిరోధమును హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. పాదము పెడలును విడువదు గనుక మోకాలిపై దెబ్బ పడదు. తలత్రిప్పు గలవారు సైతము పడిపోవుదుమను భయము లేక త్రొక్కగలరు. వెనుక ఆనుడు గల రకము వృద్ధులకును నడుము నొప్పి గలవారికిని మరింత అనుకూలము. పీఠము ఎత్తు మాత్రము సరిగ ఉండవలెను: పెడలు అడుగునకు వచ్చినప్పుడు కాలు దాదాపు చాచినట్లుండి మోకాలు కొంచెము వంగియుండుట సరియైన కొలత. పీఠము మరీ క్రిందికి ఉన్నచో లేని మోకాలి నొప్పి వచ్చును. చీర కొంగు, చున్నీ చక్రమున చిక్కకుండ పూర్తిగ మూత గల యంత్రమునే ఎన్నుకొనవలెను. సైకిలునకు లోపము లేకపోలేదు. శరీరపు బరువు ఎముకలపై పడదు గనుక, ఎముకల బలమునకు నడక చేయు మేలు ఇది చేయలేదు.

తక్కిన వాటిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎలిప్టికల్ అను యంత్రములో పాదములు పెడళ్ల మీదనే ఉండి అండాకారముగ తిరుగును. పరుగువలె శ్రమ కలుగును గాని అదురు ఉండదు. మంచిదే, కాని చోటు ఎక్కువ కావలెను, కీళ్లు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. తెడ్డు యంత్రము కాళ్లకు, వీపునకు, చేతులకు ఒక్కసారిగ పని కల్పించును; కాని నేర్పువాడు లేక నేర్చుకొన్నచో నడుము పట్టును. పీఠము నేలకు దగ్గరగ ఉండుటచే పెద్దలు కూర్చుండి లేచుట కష్టము. మెట్ల యంత్రము మోకాళ్ల నొప్పి గలవారికి తగదు. పార్కులలో రంగులు వేసి నిలిపిన ఊగుడు యంత్రములు పలువురు చూచియే ఉందురు. వాటికి నిరోధము ఉండదు. ఒకసారి ఊగుట మొదలిడిన తరువాత శరీరము చేయు పని స్వల్పము. కీళ్లు కదలించుటకు మంచివే గాని, బరువు తగ్గించునని వాటిని కొనరాదు.

సర్పంచి గారి ప్రశ్న ఒళ్లు తగ్గుటను గూర్చినది. ఇచట లెక్క చూడవలెను. 60 కిలోల బరువు గల మనిషి అరగంటసేపు గంటకు 5 కిలోమీటర్ల వేగముతో నడచిన సుమారు 105 కాలరీలు ఖర్చగును. ఎలిప్టికల్ మీద మధ్యరకపు శ్రమకు 150, సైకిలును కొంత గట్టిగ త్రొక్కిన 200, తెడ్డు యంత్రముపై కూడ ఇంచుమించు అంతే, గంటకు 8 కిలోమీటర్ల పరుగుకు 250. ఊరక కూర్చున్నను ఆ అరగంటలో 30 కాలరీలు ఖర్చగును. అవి కూడ ఈ అంకెలలో చేరియే ఉన్నవి. యంత్రపు అద్దముపై కనబడు అంకె మన బరువు తెలియక వేసిన అంచనాయైన కావచ్చును.

మరియొక వైపు చూడుడు. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కాలరీలు కలవు. అరగంట నడక ఒక చెంచా నూనెకు చాలదన్నమాట. కిలో క్రొవ్వు కరుగుటకు సుమారు 7,700 కాలరీలు తరుగవలెనని లెక్క కట్టుదురు. తిండి మార్చక దినమునకు అరగంట నడచిన, ఒక కిలోకు 70 దినములకు పైగా పట్టును. నడచి వచ్చి ఆకలియైనదని రెండు పుణుకులు ఎక్కువ తిన్న అదియును లేదు. ఈ మాట వినుటకు రుచింపదు, అయినను యంత్రము తెచ్చి పెట్టిన ఆరు నెలలకు "ఒళ్లు తగ్గలేదేమి?" అని గ్రామసభలో అడుగు రోజు వచ్చును గనుక సభ్యులు ముందే తెలిసికొనుట మేలు. బరువును ఎక్కువగ నిర్ణయించునది పళ్లెము.

అట్లని వ్యాయామము వ్యర్థమని ఎంచరాదు. బరువు తగ్గకున్నను వ్యాయామము వలన రక్తములోని చక్కెర అదుపునకు వచ్చును, రక్తపుపోటు తగ్గును, నిద్ర పట్టును, గుండె బలపడును. భోజనానంతరము పది నిమిషములు నడచినను చక్కెర పెరుగుదల తగ్గును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ చేయవలెను. అది ఏ యంత్రముపై చేసినను, యంత్రము లేకయే చేసినను ఒక్కటే. మధ్యరకమనగా ఎంత? చేయుచు మాటలాడగలిగి, పాట పాడలేకపోయిన అది మధ్యరకము. దీనికి పరికరము అక్కరలేదు. ఛాతీలో నొప్పి వచ్చువారు, ఇన్సులిన్ తీసికొనువారు, గుండె జబ్బు గలవారు ముందుగ వైద్యుని అడిగి ఆరంభింపవలెను. మధుమేహము గలవారు వట్టి కాళ్లతో నడువరాదు. పాదమునకు తగిలిన దెబ్బ వారికి తెలియకపోవచ్చును.

పంచాయతీ వారు కొనదగిన అతి చవుకైన పరికరము ఒకటి కలదు: దర్జీ కొలత టేపు. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో మన దేశస్థులకు ప్రమాద సూచన యని వైద్యులు చెప్పుదురు. బరువు తగ్గకున్నను మూడు నెలలలో నడుము రెండు సెంటీమీటర్లు తగ్గినదని చూచుకొన్న మనిషి మరల వ్యాయామశాలకు వచ్చును.

నిర్వహణను గూర్చి ఒక మాట. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. ఆరోగ్యము, పారిశుధ్యము అందులో ఒకటి. చిట్టచివరిది సామూహిక ఆస్తుల నిర్వహణ. దాత యంత్రమిచ్చును గాని కరెంటు బిల్లు ఇయ్యడు, మరమ్మతు చేయింపడు. కావున కొనుటకు ముందే ఇది ఎంత బరువు గలవారిని మోయును, పదిమంది వాడుచోట గ్యారంటీ చెల్లునా, బాగుచేయువాడు ఏ పట్టణము నుండి ఎన్ని దినములకు వచ్చును అను మూడు సంగతులు వ్రాతమూలకముగ తీసికొనవలెను. తాళపుచెవి ఎవరి వద్ద ఉండునో కూడ తీర్మానములోనే వ్రాయవలెను. చెవి ఒకని జేబులో ఉండి, ఆ మనిషి ఊరికి పోయిన కారణమున మూతబడిన గ్రంథాలయములను మనము ఎరుగుదుము.

ఇవన్నియు ఆలోచించి సర్పంచి గారికి నేను ఇట్లు వ్రాసితిని. దాత ఇచ్చు సొమ్ములో మొదట చెరువు కట్ట మీద బాటను చదును చేయించి దీపములు వేయింపుడు. మిల్వాకీ వారు ట్రెడ్‌మిల్‌లో కనుగొన్న గుణము — మనిషి తన బరువు తాను మోయుట — ఆ బాటపై ఉచితముగ లభించును. వర్షకాలమునకును, మోకాళ్ల నొప్పుల వారికిని రెండు సైకిళ్లు కొనుడు. అందులో ఒకటి వెనుక ఆనుడు గలది. వచ్చినవారి పేర్లు వ్రాయుటకు ఒక పుస్తకము పెట్టుడు. ఏడాది గడచిన పిమ్మట ఆ పుస్తకము చూచి, దినమునకు ముప్పది మంది వచ్చుచున్నచో, వ్యాయామశాలలకై చేసిన ట్రెడ్‌మిల్ సంగతి అప్పుడు ఆలోచింపవచ్చును.

ట్రెడ్‌మిల్ కావలెనన్న సభ్యులిరువురు దీనికి పూర్తిగ సమ్మతింపలేదనియు, విషయము వచ్చు సమావేశమునకు వాయిదా పడినదనియు సర్పంచి గారు తెలియజేసిరి. ఏ యంత్రము కొన్నను ఉదయము 5 మొదలు 6 గంటల వరకు తాళపుచెవి మహిళా సంఘము వద్దనే ఉండవలెనని మాత్రము ఆ మహిళా సభ్యురాలు అప్పుడే తీర్మానపు పుస్తకములో వ్రాయించిరట.