ఎకనమిక్ ఎక్కడ, ఎకనమికల్ ఎక్కడ?

బ్యాంకు ఇంటర్వ్యూల్లో మన పిల్లల నోట తరచూ దొర్లే మాట ‘ఎకనమికల్ గ్రోత్’. సొంత జిల్లా గురించి అడిగినా, బడ్జెట్ గురించి అడిగినా అదే. సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ జారుతుంటే బాధేస్తుంది. అనాల్సింది ‘ఎకనమిక్ గ్రోత్’.

ఆర్థిక వ్యవస్థకు సంబంధించింది ఎకనమిక్. బడ్జెట్‌కు ముందు పార్లమెంటులో పెట్టేది ఎకనమిక్ సర్వే. 1998లో అమర్త్య సేన్ నోబెల్ అందుకున్నది ఎకనమిక్ సైన్సెస్‌లో. ఎకనమికల్ అంటే పొదుపైనది. మైలేజీ బాగా ఇచ్చే బండి ఎకనమికల్. పావుకిలో ప్యాకెట్లు నాలుగు కొనే బదులు కిలో ప్యాకెట్ చౌకగా వస్తే అదీ ఎకనమికలే. ‘ఎకనమికల్ పాలసీ’ అన్నారంటే, ఖర్చు తక్కువయ్యే పాలసీ అనుకుంటారు ఎదుటివాళ్లు.

ఈ తికమకకు ‘ఎకనమికల్లీ’ కూడా ఓ కారణమని నాకనిపిస్తుంది. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో 10 శాతం రిజర్వేషన్ వచ్చాక, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన కుటుంబాలెన్నో. ఈడబ్ల్యూఎస్ అంటే ‘ఎకనమికల్లీ వీకర్ సెక్షన్స్’. అందులో తప్పేమీ లేదు. రెండు విశేషణాలకూ క్రియావిశేషణం అదొక్కటే. కానీ దాని తోక కోసి ‘ఎకనమికల్ ప్రాబ్లమ్స్’ అంటేనే తప్పు. ఇంట్లో డబ్బు ఇబ్బందుల గురించి చెప్పాల్సి వస్తే ‘ఫైనాన్షియల్ ప్రాబ్లమ్స్’ అనండి, ఏ చిక్కూ ఉండదు.

అలాగని ‘ఇక్ మామూలుది, ఇకల్ ప్రత్యేకమైంది’ అని సూత్రం కట్టుకోకండి. హిస్టారిక్, హిస్టారికల్ దగ్గర అది తలకిందులవుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగడం హిస్టారిక్, అంటే చరిత్రలో నిలిచిపోయేది. చరిత్రకు సంబంధించింది మాత్రం హిస్టారికల్: హిస్టారికల్ నవల, హిస్టారికల్ రికార్డులు. కాబట్టి చివరి అక్షరాలను కాదు, పక్కనున్న నామవాచకాన్ని చూడండి. నోట్సులో కూడా ఎకనమిక్ క్రైసిస్, ఎకనమికల్ కారు అని జంటగానే రాసుకోండి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ప్రశ్నకు 2 మార్కులు, తప్పు రాస్తే 0.50 కోత. ఊహించి టిక్కు పెట్టే చోటు కాదది.

ఇడియమ్స్ చదివేవాళ్లు మరొకటి కూడా చూసుకోండి: ‘ఎకనమికల్ విత్ ద ట్రూత్’. అబద్ధమాడకుండానే నిజంలో కొంత దాచిపెట్టడం అన్నమాట. 1986లో సిడ్నీ కోర్టులో బ్రిటిష్ క్యాబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ సాక్ష్యమిస్తూ వాడాక ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది.