విజన్ బోర్డు – మనం నేర్చుకునే తీరు

ఈ నెల గోడపత్రికలో విజన్ బోర్డు గురించి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

విజన్ బోర్డు అంటే ఏమిటి? మనం ఏం కావాలనుకుంటున్నామో ఆ బొమ్మలు, మాటలు ఒక అట్ట మీద అంటించి రోజూ చూసుకోవడం. జూన్‌లో నేనూ ఒకటి చేశాను. పాత క్యాలెండరు అట్ట మీద నర్సు బొమ్మ అంటించి, నా ట్రంకు పెట్టె మూత లోపల పెట్టుకున్నాను. పెట్టె తెరిచినప్పుడల్లా చూసి సంతోషపడేదాన్ని. దసరా ముందు పరీక్షలో లెక్కల్లో 19 మార్కులే వచ్చాయి. బొమ్మ చూశాను గానీ లెక్కలు చెయ్యలేదు కదా! సెలవులకు ఇంటికి పోతే మా మామ “ఇంక చదువు చాలు, పనికి రా” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మా సైన్స్ టీచర్ ఒక సంగతి చెప్పారు. 1999లో ఫామ్, టేలర్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థులను పరీక్షించారు. కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు. కొందరిని ఎలా కూర్చొని చదువుతారో ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్న వాళ్లే ఎక్కువ చదివారు, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

మాలావత్ పూర్ణ గురించి మనకు తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక. మనలాగే గురుకులంలో చదివింది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. కానీ ముందు భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంది. తరువాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొందింది. కాబట్టి బోర్డు మీద శిఖరం ఒక్కటే ఉంటే చాలదు, గుట్ట కూడా ఉండాలి.

ఇంకో విషయం. కొందరు చూసి, కొందరు విని, కొందరు చదివి రాసి, కొందరు చేసి నేర్చుకుంటారని అంటారు. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో ఈ నాలుగు రకాల గురించి రాశారు. అది విని నేను, “మా ఇంట్లో కోయ భాష, పాటలు. నేను వినేదాన్ని, పుస్తకం నాకు పడదు” అనుకుని తెలుగు వాచకం చదవడం తగ్గించేశాను. అది నా పొరపాటు. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పరిశోధనలను పరిశీలించారు. ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు చెబితే బాగా వస్తుందనడానికి తగిన రుజువు లేదన్నారు. ఇష్టం వేరు, నేర్చుకోవడం వేరు.

మా అమ్మ తునికాకు కట్ట కట్టడం ఎలా నేర్పింది? కట్టి చూపించింది, నోటితో చెప్పింది, నా చేత కట్టించింది. 50 ఆకులు లెక్కపెట్టించింది. నువ్వు కంటితో నేర్చుకుంటావా, చెవితోనా అని అడగలేదు.

అందుకే బోర్డు మళ్లీ చేశాను. మీరూ ఇలా చేయవచ్చు:

1. చూడటానికి – కావలసిన దాని బొమ్మ ఒక్కటే, చిన్నది.
2. చదివి రాయడానికి – ఈ వారం ఏ పాఠం, ఏ పూట, ఎక్కడ కూర్చొని చదవాలో రాయాలి.
3. వినడానికి – రాత్రి పక్క మంచం అమ్మాయికి అది పైకి చదవాలి. మన భాషలో కూడా చెప్పాలి.
4. చేయడానికి – రోజుకు 5 లెక్కలు చేస్తే ఒక సీతాఫలం గింజ అంటించాలి. చెయ్యని రోజు అంటించరాదు.

ఈ నాలుగూ అందరికీ పనికొస్తాయి. ‘నేను ఈ రకం’ అని ఎవరూ ఒకటి వదిలెయ్యొద్దు.

సంక్రాంతి ముందు పరీక్షలో నాకు 41 వచ్చాయి. ఇంకా తక్కువే, నాకు తెలుసు. పండక్కి అట్ట ఇంటికి పట్టుకుపోయాను. అమ్మకు చదవడం రాదు. గింజల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. 43 ఉన్నాయి. “కట్టకు ఇంకా ఏడు తక్కువ” అంది. మామ అక్కడే కూర్చున్నాడు, ఏమీ అనలేదు.

ఇప్పుడు 50 దాటాయి. రెండో కట్ట మొదలుపెట్టాను.

వార్డెన్ మేడమ్ గారూ, అందరం పెట్టె మూత లోపల అట్ట అంటించుకోవడానికి అనుమతి ఇవ్వగలరని మనవి.

– 9వ తరగతి విద్యార్థిని