కుట్టుయంత్రము – గృహములో దాని వినియోగము

వేసవి సెలవులు ముగియవచ్చి పాఠశాల తెరచు దినములు సమీపించినప్పుడు ప్రతి యింటను ఒకే చింత బయలుదేరును. నిరుడు కుట్టించిన లాగు మోకాళ్ళ పైకి పోయినది. గౌను భుజముల వద్ద పట్టుచున్నది. దర్జీ దుకాణమునకు పోయినచో అచ్చట ఊరివారి బట్టలన్నియు గుట్టగా పడియుండును. అడిగినంత కూలి ఇచ్చినను పాఠశాల తెరచునాటికి బట్ట చేతికి వచ్చునను నమ్మకము లేదు.

చిత్రమేమనగా, ఇట్లు చింతపడు ఇండ్లలో పెక్కింట కుట్టుయంత్రము కలదు. పెండ్లినాడు పుట్టింటివారు ఇచ్చినదో, చీటీ పాడి కొన్నదో, ఒక మూల దుప్పటి కప్పుకొని యుండును. అదేమని అడిగినచో, "దారము చిక్కుపడుచున్నదండీ, మిషను మంచిది కాదు" అని సమాధానము వచ్చును. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నదని నవ్వవచ్చును గాని, అది న్యాయము కాదు. యంత్రమును ఇచ్చినవారు దాని మర్మమును చెప్పి ఇయ్యలేదు. ఆ మర్మమును తల్లిదండ్రులకు తెలియజేయుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

పూర్వకథ

1846లో అమెరికా దేశీయుడగు ఎలియాస్ హోవే రెండు దారములతో ముడికుట్టు వేయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1851లో ఐజాక్ సింగర్ మరియొక యంత్రమునకు పేటెంటు పొంది, దానిని ఇంటింటికి చేర్చెను. మన దేశమున 1930 దశకములో కలకత్తాలోని జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ వారు ఉషా యంత్రమును తయారుచేయ నారంభించిరి.

యంత్రములను గురించి ఎంతో జాగ్రత్తతో మాట్లాడిన గాంధీజీ సైతము ఈ యంత్రమునకు మినహాయింపు ఇచ్చెను. 1924లో జి. రామచంద్రన్ అను శాంతినికేతన విద్యార్థి ఆయనను ప్రశ్నింపగా, సింగర్ తన భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక దానిని కల్పించెననియు, దానికి మూలము ప్రేమయే యనియు చెప్పెను. మన పొరుగు జిల్లాయగు వార్ధాలో, సేవాగ్రామమున 1936 నుండి నివసించిన మహనీయుని మాట యిది. మనుష్యుని శ్రమను తగ్గించి, మనుష్యుని పనిలేనివానిగా చేయని యంత్రము గౌరవింపదగినదని దీని సారము.

కుట్టు ఎట్లు పడును?

చేతికుట్టునకు ఒకే దారము. యంత్రపు కుట్టునకు రెండు. పై దారము రీలు నుండి వచ్చి, సూది మొనలోని రంధ్రము గుండా బట్టలోనికి దిగును. సూది తిరిగి కొంచెము పైకి లేవగానే ఆ దారము వదులై, బట్ట క్రింద ఉంగరమువలె ఉబ్బును. సరిగా ఆ క్షణముననే షటిల్ కొన ఆ ఉంగరమును పట్టి, బాబిన్ చుట్టు త్రిప్పును. అంతట యంత్రము ముందుభాగమున లేచిపడు మీట పై దారమును పైకి లాగును. రెండు దారములును ఒకదానినొకటి పెనవేసికొని, బట్ట మందము నడుమ ముడివడును. పిమ్మట పాదము క్రిందనున్న పళ్ళు బట్టను ఒక కుట్టు మేర వెనుకకు జరుపును.

ముడి బట్ట నడుమ పడుటకు రెండు దారముల బిగువు సమానముగా ఉండవలెను. పై దారమునకు బిగువు ఇచ్చునవి రెండు చిన్న పళ్ళెములు. వాని నడుమగా దారము పోవును. క్రింది దారమునకు బిగువు ఇచ్చునది బాబిన్ కేస్ పైనున్న సన్నని రేకు. ఇవి రెండును తాడులాట ఆడు రెండు పక్షముల వంటివి. ఒక పక్షము సడలినచో ముడి రెండవ పక్షమువైపు పోవును. కావున ఈ సూత్రమును గుర్తుంచుకొనవలెను: పై దారము వదులైన దోషము బట్ట క్రిందివైపున కనబడును, క్రింది దారము వదులైన దోషము పైవైపున కనబడును.

ఈ సూత్రము తెలియక నేను పడిన పాటు చెప్పెదను. ఒకనాటి రాత్రి మా అమ్మాయి గౌను కుట్టుచుండగా బట్ట క్రింద దారము పిచ్చుకగూడువలె గుమిగూడెను. దోషము క్రింద కనబడుచున్నది గనుక కారణమును క్రిందనే యుండునని తలచి, బాబిన్ కేస్ మరను చాకుమొనతో బిగించితిని. మరల కుట్టితిని, విప్పితిని, మరల బిగించితిని. విప్పి విప్పి బట్ట చిల్లులుపడినది. పిల్ల ఎదురుచూచి నిద్రపోయినది. మరునాడు పొరుగున నున్న ఒక వృద్ధ దర్జీ వచ్చి, క్రింది భాగమును చూడనైన చూడక, పాదమును పైకెత్తి, పై దారమును ఊడదీసి తిరిగి ఎక్కించెను. కుట్టు ముత్యాల వరుసవలె పడెను. పాదము దించియున్నప్పుడు పళ్ళెములు బిగిసియుండును. అప్పుడు ఎక్కించిన దారము వాని నడుమకు పోదు. ఆనాటి నా తప్పు అంతమాత్రమే.

దారము ఎక్కించు క్రమము

1. చేతిచక్రమును మనవైపునకు త్రిప్పి సూదిని, మీటను మిక్కిలి పైకి తేవలెను. చక్రమును ఎన్నడును వెనుకకు త్రిప్పరాదు. త్రిప్పినచో దారము చిక్కుపడి తెగును.

2. పాదమును పైకెత్తవలెను.

3. రీలు నుండి దారమును కొక్కెముల గుండా తెచ్చి, బిగువు పళ్ళెముల నడుమ పోనిచ్చి, తీగస్ప్రింగునకు తగిలించి, మీట రంధ్రములో దూర్చి, క్రింది కొక్కెముల గుండా సూదికి తేవలెను.

4. సూదికి ఒక ప్రక్క పొడవైన గాడి యుండును. ఆ గాడివైపు నుండి దారము లోనికి పోవలెను. సూదికి మిక్కిలి దగ్గరనున్న కొక్కెము ఏ ప్రక్కనున్నదో ఆ ప్రక్కకే గాడి ఉండునట్లు సూదిని అమర్చి, పూర్తిగా పైకి తోసి మర బిగింపవలెను.

5. పై దారపు కొనను ఎడమచేత పట్టుకొని, చక్రమును ఒక చుట్టు త్రిప్పినచో క్రింది దారము పైకి వచ్చును. రెండు కొనలను పాదము వెనుకకు చేర్చి, మొదటి రెండు మూడు కుట్లు పడువరకు పట్టుకొనవలెను.

సూది, దారము, కుట్టు పొడవు

సూదులకు సంఖ్యలు కలవు. సంఖ్య పెరిగిన కొలది సూది లావగును. మల్లు, వాయిల్ వంటి పలుచని బట్టలకు 9 లేక 11. పాప్లిన్, టెరికాట్ మొదలగు పాఠశాల దుస్తుల బట్టలకు 14. జీను, కాన్వాసు వంటి మందపు బట్టలకు 16 లేక 18. మొద్దుబారిన సూది బట్ట పోగును తప్పించుకొనక తెంపును. సూది ఖరీదు స్వల్పము. బట్ట ఖరీదు అధికము. కనుక సూదిని మార్చుటకు వెనుకాడరాదు.

కుట్టు పొడవును మీటతోగాని గుండ్రని బిళ్ళతోగాని మార్చవచ్చును. నిత్యము తొడుగు దుస్తులకు అంగుళమునకు 10 నుండి 12 కుట్లు తగును. అనగా ఒక్కొక్క కుట్టు రమారమి 2 నుండి 2½ మిల్లీమీటర్లు. తాత్కాలికముగా వేయు కుట్టునకును, కుచ్చెళ్ళు లాగుటకును అంగుళమునకు 6 చాలును. ఒక మీటరు కుట్టునకు రెండు దారములును కలసి సుమారు రెండున్నర మీటర్లు ఖర్చగునని తెలిసినచో, పని నడుమ దారము చాలక పోవు ఇబ్బంది తప్పును.

బిగువు పరీక్ష

పైన ఎఱ్ఱ దారము, క్రింద నీలి దారము ఉంచి, కుట్టబోవు బట్ట ముక్కనే రెండు మడతలు చేసి కుట్టవలెను. పైవైపున ఎఱుపును, క్రిందివైపున నీలియు మాత్రమే కనబడినచో బిగువు సరియైనది. క్రింద ఎఱ్ఱని చుక్కలు కనబడినచో పై దారము వదులు. పైన నీలి చుక్కలు కనబడినచో పై దారము మిక్కిలి బిగువు, లేదా క్రింది దారము వదులు. ముందుగా పై మరనే సవరింపవలెను. క్రింది దారమును పరీక్షించుటకు బాబిన్ కేస్‌ను దాని దారముతోనే వ్రేలాడదీయుడు. తనంతట తాను జారరాదు. చిన్న కుదుపు ఇచ్చినచో కొంచెము దిగి ఆగవలెను.

సాధారణ దోషములు – కారణములు

దారము మాటిమాటికి తెగుట: సూది తారుమారుగా అమరుట, పై బిగువు అధికమగుట, సూది రంధ్రమునకు మించిన లావు దారము.

కుట్లు తప్పుట: సూది వంగుట, మొద్దుబారుట, లేక పూర్తిగా పైకి చేరకుండుట.

సూది విరుగుట: కుట్టునప్పుడు బట్టను చేతితో లాగుట. బట్టను జరుపు పని పళ్ళది. చేతులు త్రోవ చూపిన చాలును.

బట్ట కదలకుండుట: పళ్ళలో దూది పేరుకొనుట, కుట్టు పొడవు సున్న వద్ద ఉండుట.

ఏ దోషమునకైనను మొదట దారమును తిరిగి ఎక్కించుడు; పిమ్మట సూదిని మార్చుడు; అప్పటికిని మానకున్న యెడల బిగువు మరను తాకుడు. ఈ వరుస తప్పనివారికి మరమ్మతు ఖర్చు చాలవరకు తప్పును.

మొదటి అభ్యాసము

నిరుటి నోటుపుస్తకపు కాగితమును తీసికొని, పాత సూదితో, దారము లేకుండ, గీతల వెంబడి నడపుడు. గీత మీదనే చిల్లులు పడువరకు చేయుడు. పిమ్మట చతురస్రములు, వలయములు గీసి వాని వెంబడి నడపుడు. మూల వద్ద సూదిని కాగితములోనే దించియుంచి, పాదమునెత్తి, కాగితమును త్రిప్పి, పాదమును దించి సాగవలెను. దినమునకు అరగంట చొప్పున వారము దినములు చేసినచో చేయి, కాలు, కన్ను ఒక్కటగును.

పెరుగు పిల్లలకు పెరుగు దుస్తులు

బట్టకు నిలువుపోగు పడుగు, అడ్డుపోగు పేక. షోలాపురము, భీవండిలకు వలసపోయిన మన నేతవారు వెంట తీసికొనిపోయిన మాటలివి. పడుగు సాగదు, పేక కొంచెము సాగును, ఏటవాలు బాగుగా సాగును. కావున గౌను, చొక్కా, లాగు పడుగు వెంబడి నిలువుగా కత్తిరింపవలెను. నూలుబట్టను కత్తిరించుటకు ముందు ఒక రాత్రి నీటనుంచి ఆరవేసినచో, తరువాత కుదించుకొనిపోదు.

ప్రక్క కుట్ల వద్ద లోపల ఒక అంగుళము బట్ట విడువవలెను. గౌను అంచును, లాగు అంచును మూడంగుళముల మడతతో కుట్టి, ఆ మడత కుట్టును మాత్రము పొడవు కుట్లతో వేయవలెను, సులభముగా విప్పవచ్చును. మరుసటి సంవత్సరము ఒకటిన్నర అంగుళము దింపి, తడిగుడ్డ పైనుంచి ఇస్త్రీ చేసి మరల కుట్టినచో దుస్తు రెండవ సంవత్సరమునకు వచ్చును. లాగు నడిమి కుట్టును రెండుసార్లు వేయవలెను. జేబు మూలల వద్ద వెనుకకు మూడు నాలుగు కుట్లు వేసి గట్టిపరచవలెను. ముందుగా చినుగునవి అవియే.

పలుచని బట్టకు పోగులు ఊడకుండుటకు ఫ్రెంచి కుట్టు మేలు. ముందు బట్ట వెనుకవైపులను ఒకదానికొకటి చేర్చి, మంచివైపు పైకుండునట్లు పావు అంగుళములో కుట్టి, అంచును సగము కత్తిరింపవలెను. పిమ్మట తిరగవేసి, మంచివైపులు లోపలికి వచ్చునట్లు మరల పావు అంగుళములో కుట్టినచో అంచులు లోపల దాగును.

సంరక్షణ

మన చంద్రపురము బొగ్గుగనుల ఊరు. విద్యుత్కేంద్రము గల ఊరు. దుమ్ము మనకు నిత్యాతిథి. నూనెతో దుమ్ము, దూది కలిసినచో ముద్దయగును. కావున పని ముగిసిన వెంటనే యంత్రముపై కప్పు వేయవలెను. వారమునకొకసారి షటిల్‌ను విప్పి చిన్న బ్రష్షుతో తుడిచి, నూనె రంధ్రములలో ఒక్కొక్క చుక్క కుట్టుయంత్రపు నూనె వేసి, పాత గుడ్డ మీద కొంతసేపు నడపవలెను. కొబ్బరినూనె, వంటనూనె వేయరాదు. అవి కొలదికాలమునకు జిగురై యంత్రమును పట్టివేయును. గనులలోను, బల్లార్పూరు కాగితపు మిల్లులోను యంత్రముల మధ్య పనిచేయు తండ్రులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వారు ఆదివారము పూట ఈ పనిని తమదిగా చేసికొందురు గాక.

ముగింపు

కోటి విద్యలు కూటికొరకే యన్నారు. ఇంటి బట్టతో ఆరంభమైన విద్య ఇరుగుపొరుగు బట్టకు పోవును, అటుపై ఆదాయమగును. 2024లో తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల దుస్తులు కుట్టు పని మహిళా స్వయంసహాయక సంఘములకు అప్పగింపబడినది. 2023లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో దర్జీపని యొకటి.

ఇంకొక లాభము కూడ కలదు. మన పిల్లలు వీథిలో మరాఠీ మాట్లాడుదురు. బజారులో దారమును దోరా అనియే అడుగుదురు. అది తగినదే. కాని తల్లి యంత్రము వద్ద కూర్చుండి, "ఈ పడుగు వెంబడి కత్తిరించు, ఇచ్చట మడత పెట్టు, బిగువు చూడు" అని చెప్పుచుండగా విన్న బిడ్డకు, కొడుకైనను కూతురైనను, ఒక విద్యయు దాని తెలుగు మాటలును ఒకేసారి చేతికి వచ్చును. పుస్తకములో చదివిన మాట మరపునకు రావచ్చును. చేతితో నేర్చిన మాట మరపునకు రాదు.

ఎండల వలన విదర్భలో పాఠశాలలు రాష్ట్రములోని ఇతర ప్రాంతములకంటె కొన్ని దినములు ఆలస్యముగా తెరచుట మనమెరిగినదే. ఈ వేసవిలో ఆ దినములను వినియోగించుకొని, మూలనున్న యంత్రముపై దుప్పటిని తొలగించుడు. పాదమునెత్తి దారము ఎక్కించుడు.